ఐదుగురు కూర్చుంటే లెక్క మారింది

పిల్లలూ,

ఈమధ్య ఒక సాయంత్రం స్టడీ అవర్లో బోర్డు మీద నేనొక వాక్యం వ్రాసి దాని చుట్టూ డబ్బా గీశాను. "గుండ్రంగా ఎంతమంది కూర్చున్నా సరే, వెనక్కి విప్పగలిగే రూలు పక్కవాడికి అందించడం ఒక్కటే" అన్నది ఆ వాక్యం. బోర్డు మర్నాడే తుడిచేశారు. కానీ మీ నోటుపుస్తకాల్లో అది అలాగే ఉంది. అది తప్పు. దయచేసి కొట్టివేయండి. ఎందుకు తప్పో, ఆ తప్పు ఎవరు పట్టుకున్నారో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది ఎనిమిదో తరగతి దాటినవాళ్ళందరికీ అర్థమవుతుంది. కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. వీలైతే గుప్పెడు చింతపిక్కలు కూడా.

1. ఆట

వరండాలో కొంతమంది గుండ్రంగా కూర్చున్నారనుకోండి. ఒక్కొక్కరి గుప్పిట్లో కొన్ని చింతపిక్కలు ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఎవరికి వారికే తెలుసు. ఇప్పుడు నేను ఒక రూలు చెబుతాను. ఉదాహరణకి, "ప్రతివాడూ తన ఎడమ పక్కవాడి పిక్కలెన్నో అడిగి, ఆ సంఖ్య పైకి చెప్పాలి." అందరూ చెప్పిన సంఖ్యలు విని, మొదట ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో బయటవాడు కనిపెట్టాలి. ఈ రూలుకు అది సులువు. అన్నిటినీ ఒక చోటు వెనక్కి జరిపితే సరి.

ఇంకో రూలు: "నీ పిక్కలు, ఎడమవాడి పిక్కలు కలిపి మొత్తం చెప్పు." నలుగురు కూర్చుంటే ఈ రూలును విప్పలేం. ఒకటి విడిచి ఒకరికి ఒక్కో పిక్క ఎక్కువిచ్చి, మిగతావాళ్ళ దగ్గర ఒక్కోటి తీసేసినా చెప్పే సంఖ్యలు మారవు. రహస్యం పోయినట్టే.

కాబట్టి మన ప్రశ్న ఇది. ఏ రూళ్ళను విప్పవచ్చు, ఏ రూళ్ళను విప్పలేం?

2. రూళ్ళకు గుర్తులు

పాఠ్యపుస్తకంలో ఎక్స్ అని వాడేచోట ఇక్కడ "త" అని వ్రాస్తాను. "తిప్పు" అనే మాటలో మొదటి అక్షరం. త అంటే ప్రతివాడూ తన దగ్గరున్నది కుడిపక్కవాడికి ఇచ్చెయ్యడం. త² అంటే రెండు తిప్పులు. ఐదుగురు కూర్చుంటే ఐదు తిప్పుల తరవాత ఎవరి పిక్కలు వారికి వచ్చేస్తాయి. అంటే త⁵ = 1. ఇక్కడ 1 అంటే "ఏమీ చెయ్యకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని అర్థం.

ఇలా 1, త, త², త³, త⁴ అనే ఐదు తిప్పులను కలిపి గణితంలో "సమూహం" అంటారు. ఒక తిప్పు తరవాత ఇంకో తిప్పు చేస్తే వచ్చేది కూడా వీటిలోదే. ప్రతి తిప్పునూ వెనక్కి తిప్పే తిప్పు కూడా ఇందులోనే ఉంది. త ను విప్పేది త⁴, త² ను విప్పేది త³.

ఇప్పుడు తిప్పుల ముందు పూర్ణసంఖ్యలు పెట్టి కూడదాం. ఉదాహరణకి 1 + త అంటే "నీది, ఎడమవాడిది కలిపి చెప్పు" అన్న రూలే. 2త² − 3 అంటే "ఎడమవైపు రెండోవాడి దానికి రెట్టింపులోంచి నీ దానికి మూడు రెట్లు తీసి చెప్పు." సంఖ్య సున్నా కంటే తక్కువ వస్తే కంగారు పడకండి. దాన్ని బాకీ అనుకోండి.

రెండు రూళ్ళను కూడవచ్చు. రెండు రూళ్ళను గుణించవచ్చు కూడా. గుణించడమంటే ఒక రూలు చేసి, వచ్చిన సంఖ్యల మీద రెండో రూలు చెయ్యడం. మీరు బహుపదులను ఎలా గుణిస్తారో అచ్చంగా అలాగే గుణిస్తే చాలు. ఒక్క తేడా ఏమిటంటే త⁵ కనిపిస్తే 1 అని, త⁶ కనిపిస్తే త అని, త⁷ కనిపిస్తే త² అని మార్చుకోవాలి. ఇలా కూడికా గుణకారమూ రెండూ ఉన్న ఈ రూళ్ళ మొత్తాన్ని "సమూహ వలయం" అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది.

ఇందులో ఒక రూలును ఇంకో రూలుతో గుణిస్తే సరిగ్గా 1 వస్తే, ఆ రెండింటినీ "యూనిట్లు" అంటారు. అంటే ఒకటి వేసిన ముడిని రెండోది విప్పేస్తుందన్నమాట.

తిప్పులన్నీ యూనిట్లే. తిప్పుల ముందు మైనస్ గుర్తు పెట్టినా యూనిట్లే (ఉన్నదంతా బాకీగా చెప్పించినా రహస్యం పోదు కదా). వీటిని మామూలు యూనిట్లు అందాం. ఇవి కాక వేరే యూనిట్లు ఉన్నాయా? ఇదే అసలు ప్రశ్న.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రూల్లో భిన్నాలు వాడకూడదు. పిక్కను ముక్కలు చెయ్యం కదా. భిన్నాలు ఒప్పుకుంటే విప్పగలిగే రూళ్ళు చాలా ఉంటాయి. పూర్ణసంఖ్యలతోనే విప్పాలి అన్నప్పుడే ప్రశ్నకు పదును వస్తుంది.

3. ఇద్దరు కూర్చుంటే

ఇది పూర్తిగా నిరూపించి చూపిస్తాను. ఇద్దరే ఉంటే త² = 1. ఏ రూలైనా క + ఖత అనే రూపంలో ఉంటుంది. క, ఖ పూర్ణసంఖ్యలు. దాన్ని విప్పే రూలు గ + ఘత అనుకుందాం. గుణిస్తే,

(కగ + ఖఘ) + (కఘ + ఖగ)త = 1

కాబట్టి కగ + ఖఘ = 1, కఘ + ఖగ = 0. రెండింటినీ కూడితే (క + ఖ)(గ + ఘ) = 1. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే (క − ఖ)(గ − ఘ) = 1.

రెండు పూర్ణసంఖ్యల లబ్ధం 1 కావాలంటే రెండూ 1 కావాలి, లేదా రెండూ −1 కావాలి. కనుక క + ఖ అనేది 1 గాని −1 గాని, క − ఖ కూడా అంతే. ఈ నాలుగు సందర్భాలూ సాధించి చూడండి. వచ్చే రూళ్ళు 1, −1, త, −త. అన్నీ మామూలువే. ఇద్దరికి కొత్త యూనిట్ లేదు. ఇందులో సందేహానికి చోటు లేదు.

ఈ నిరూపణలో పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది. ఎంతమంది కూర్చున్నా సరే, యూనిట్ లోని గుణకాలన్నీ కూడితే 1 గాని −1 గాని రావాలి. 1 + త గుణకాల మొత్తం 2. కాబట్టి అది ఎన్నటికీ యూనిట్ కాదు. కానీ జాగ్రత్త. మొత్తం 1 వచ్చినంత మాత్రాన యూనిట్ అయిపోదు.

4. నా తప్పు

ఇద్దరికి నిరూపించాను. ముగ్గురికి, నలుగురికి చిన్న చిన్న సంఖ్యలు పెట్టి చాలా రూళ్ళు ప్రయత్నించాను. కొత్తది ఒక్కటీ దొరకలేదు. ఆ ధైర్యంతో "ఎంతమంది కూర్చున్నా" అని బోర్డు మీద వ్రాసేశాను.

అక్కడితో ఆగలేదు. నా మాట నిజమని చూపించడానికి ఐదుగురు పిల్లల్ని వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టి ఒక రూలు ఇచ్చాను. "ఎడమవాడిదీ కుడివాడిదీ కలుపు, అందులోంచి నీది తీసెయ్యి, వచ్చింది చెప్పు" అన్నాను. మన గుర్తుల్లో ఇది త + త⁴ − 1. నలుగురికి ఈ రూలు విప్పడం కుదరదని నాకు తెలుసు. నలుగురిలో ఒకడు "1", మిగతావాళ్ళు "0" చెప్పారనుకుని సమీకరణాలు సాధిస్తే, ఒకడి చేతిలో పిక్కలో మూడో వంతు ఉండాలని వస్తుంది. ఐదుగురికీ అలాగే అవుతుందనుకున్నాను.

వాళ్ళ పిక్కలు ఇవి (అప్పుడు నాకూ తెలియదు). అ దగ్గర 3, ఆ దగ్గర 7, ఇ దగ్గర 2, ఈ దగ్గర 5, ఉ దగ్గర 4. రూలు ప్రకారం వాళ్ళు చెప్పినవి:

అ: 4 + 7 − 3 = 8
ఆ: 3 + 2 − 7 = −2
ఇ: 7 + 5 − 2 = 10
ఈ: 2 + 4 − 5 = 1
ఉ: 5 + 3 − 4 = 4

"ఇప్పుడు చెప్పండి, ఎవరి దగ్గర ఎన్ని?" అన్నాను. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు కాసేపు వేళ్ళు ముడుచుకుని, "మూడు, ఏడు, రెండు, అయిదు, నాలుగు సార్" అన్నాడు. గుప్పిళ్ళు విప్పితే సరిగ్గా అంతే.

నేను "గుడ్డిగా తగిలిందిరా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఇంకేం మాట్లాడలేదు. ఆట ముగించేశాను.

రాత్రి నిద్ర పట్టలేదు. ఐదు సంఖ్యలు గుడ్డిగా ఎలా తగులుతాయి? పొద్దున్నే టిఫిన్ల వరుసలో వాడిని పక్కకి పిలిచి అడిగాను. "ఎలా చేశావురా?" వాడు భయపడుతూ చెప్పాడు. "ఎదురుగా ఉన్న ఇద్దరు చెప్పినవి కలిపి, వాడు చెప్పింది తీసేశాను సార్. చిన్న లెక్కలకి ముందే చేసి చూసుకున్నా."

అంతే! ఐదుగురి వలయంలో ప్రతివాడికీ పక్కవాళ్ళు ఇద్దరు, ఎదురువాళ్ళు ఇద్దరు. రూలు పక్కవాళ్ళను కలిపి తనది తీసేస్తుంది. విప్పడానికి ఎదురువాళ్ళను కలిపి తనది తీసెయ్యాలి. సరిచూద్దాం.

అ: 10 + 1 − 8 = 3
ఆ: 1 + 4 − (−2) = 7
ఇ: 4 + 8 − 10 = 2
ఈ: 8 + (−2) − 1 = 5
ఉ: (−2) + 10 − 4 = 4

5. ఒక్కసారి కాదు, ఎప్పుడూ

ఒక్క ఉదాహరణ సరిపోయిందని నమ్మకూడదు. నేను చేసిన తప్పు అదే కదా. అందుకని గుర్తులతో గుణిద్దాం. ఎదురువాళ్ళ రూలు త² + త³ − 1.

(త + త⁴ − 1)(త² + త³ − 1)

మొదటి దాంట్లోని త తో గుణిస్తే: త³ + త⁴ − త
త⁴ తో గుణిస్తే: త⁶ + త⁷ − త⁴, అంటే త + త² − త⁴
−1 తో గుణిస్తే: −త² − త³ + 1

మొత్తం తొమ్మిది పదాలు. త³ కి −త³, త⁴ కి −త⁴, త కి −త, త² కి −త². నాలుగు జతలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మిగిలింది 1.

అంటే త + త⁴ − 1 నిజమైన యూనిట్. మామూలు తిప్పు కాదు, మైనస్ పెట్టిన తిప్పూ కాదు. నా డబ్బా వాక్యం మూడు పదాల రూలు ముందు కూలిపోయింది. గుప్పిట్లో వంద పిక్కలున్నా, వెయ్యి ఉన్నా, ఐదుగురూ బాకీలే చెప్పినా ఈ విప్పడం తప్పదు.

ఒక కొత్త యూనిట్ దొరికితే ఇంకెన్నో దొరికినట్టే. అదే రూలును రెండుసార్లు చేస్తే,

3 − 2త + త² + త³ − 2త⁴

ఇదీ యూనిటే. విప్పే రూలును రెండుసార్లు చేస్తే ఇది విప్పుకుంటుంది. మూడుసార్లు, నాలుగుసార్లు, ఇలా ఎన్నిసార్లయినా చెయ్యవచ్చు. 1 ముందుండే గుణకం వరసగా −1, 3, −7, 19 అవుతూ పెరుగుతూ పోతుంది. కనుక ఐదుగురికి యూనిట్లు అనంతం. మరో విశేషం ఏమిటంటే, ఐదుగురి విషయంలో యూనిట్లన్నీ ఈ ఒక్క రూలు నుంచే వస్తాయి. దీన్ని ముందుకో వెనక్కో కొన్నిసార్లు చేసి, ఒక తిప్పు తిప్పి, అవసరమైతే మైనస్ పెడితే ఏ యూనిటైనా వచ్చేస్తుంది.

6. ఐదులో ఏముంది?

ఇదంతా అయ్యాక బీజగణితం పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఈ ప్రశ్నకు 1940 లోనే జవాబు దొరికింది. గ్రాహం హిగ్మన్ అనే ఆంగ్ల గణితవేత్త (1917–2008) సమూహ వలయాల యూనిట్ల మీద ఆ ఏడాది ఒక వ్యాసం ప్రచురించాడు. మన ఆట భాషలో చెబితే, 1, 2, 3, 4, 6 మంది కూర్చుంటే మామూలు యూనిట్లే ఉంటాయి. 5 గాని, 7 గాని, 8 గాని, ఆపైన ఎంతమంది గాని కూర్చుంటే కొత్త యూనిట్లు తప్పక ఉంటాయి. హిగ్మన్ గుండ్రపు తిప్పులకే కాదు, పరిమితమైన సమూహాలన్నిటికీ ఏవాటిలో మామూలు యూనిట్లు మాత్రమే ఉంటాయో తేల్చిచెప్పాడు.

అంటే ముగ్గురికి, నలుగురికి నేను చూసింది నిజమే. అక్కడినుంచి "ఎంతమందికైనా" అని దూకడమే తప్పు. ఒక్క అడుగు ముందుకు వేసి చూసి ఉంటే ఐదులోనే తెలిసేది.

1, 2, 3, 4, 6. ఈ వరసలో ఐదు ఎందుకు లేదు? పదో తరగతివాళ్ళు త్రికోణమితి పట్టిక తీయండి. పూర్తి చుట్టు 360°. దాన్ని ఆ సంఖ్యలతో భాగించి వచ్చిన కోణాలకు కాస్ విలువను రెట్టింపు చేయండి.

1 కి 360°: విలువ 2
2 కి 180°: విలువ −2
3 కి 120°: విలువ −1
4 కి 90°: విలువ 0
6 కి 60°: విలువ 1

అన్నీ పూర్ణసంఖ్యలే. ఐదుకు 72°. దాని కాస్ రెట్టింపు (√5 − 1)/2, సుమారు 0.618. పూర్ణసంఖ్య కాదు. ఇక్కడ √5 లోపలికి దూరింది. అదే కొత్త యూనిట్‌కు చోటిచ్చింది. మన రూల్లో త + త⁴ ఉన్నచోట ఈ 72° విలువ పెడితే −(3 − √5)/2 వస్తుంది. విప్పే రూల్లో త² + త³ ఉన్నచోట 144° విలువ పెడితే −(3 + √5)/2 వస్తుంది. ఆ రెండూ గుణించండి. (9 − 5)/4, అంటే 1. పిక్కల ఆటలో జరిగిందే ఇక్కడ √5 తో జరిగింది.

ఈ సంఖ్యల్ని మీరు అడవిలోనూ చూశారు. తేనెపట్టులో గదులు ఆరు మూలలవి. సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి. సమానమైన మూడు మూలల బిళ్ళలతో, నాలుగు మూలల బిళ్ళలతో కూడా నేలంతా సందు లేకుండా పరవవచ్చు. ఐదు మూలల సమభుజి బిళ్ళలతో పరవలేం. దాని ఒక్కో మూల 108°. మూడు బిళ్ళలు ఒకచోట చేరిస్తే 324° మాత్రమే, సందు మిగులుతుంది. నాలుగు పట్టవు. నేల మీద ఒకే తీరుగా మళ్ళీ మళ్ళీ వచ్చేలా పరిచే నమూనాలను ఐదో వంతు చుట్టు తిప్పి యథాతథంగా కూర్చోబెట్టలేకపోవడానికీ, మన ఆటలో ఐదుకు కొత్త యూనిట్ రావడానికీ మూలంలో ఉన్నది ఒకటే. 72° కాస్ రెట్టింపు పూర్ణసంఖ్య కాకపోవడం.

7. తిరిగి రాని దారి

ఇంతవరకూ గుండ్రంగా కూర్చున్నాం. ఇప్పుడు అంతులేని తిన్నని దారి పొడవునా పిల్లలు వరసగా కూర్చున్నారనుకోండి. ఎన్ని తిప్పులు తిప్పినా పిక్కలు తిరిగి మొదటివాడికి రావు. త⁵ అంటే త⁵ గానే ఉంటుంది, 1 కాదు. ఇక్కడ కొత్త యూనిట్లు ఉంటాయా?

ఉండవు. కారణం మీకు తెలిసిందే. రెండు బహుపదులు గుణించినప్పుడు ఒకదాంట్లో పెద్ద ఘాతం, రెండోదాంట్లో పెద్ద ఘాతం కలిసి ఇచ్చే పదాన్ని ఇంకేదీ కొట్టెయ్యలేదు. చిన్న ఘాతాల పదమూ అంతే. రెండు చివర్లూ మిగిలిపోతాయి. ఒక్క 1 మాత్రమే మిగలాలంటే రెండు రూళ్ళల్లోనూ ఒక్కొక్క పదమే ఉండాలి. గుండ్రంగా ఉన్నప్పుడు చివరలు లేవు. అందుకే కొట్టివేతలు కుదిరాయి.

దీన్నిబట్టి గణితవేత్తలకు ఒక పెద్ద ఊహ కలిగింది. తిన్నని దారే కాదు, ఎంత మెలికలు తిరిగినదైనా సరే, ఏ కదలికను ఎన్నిసార్లు చేసినా మొదటికి తిరిగిరాని సమూహం అయితే చాలు, అక్కడ మామూలు యూనిట్లే ఉంటాయన్నది ఆ ఊహ. హిగ్మన్ 1940 నాటి తన పరిశోధన గ్రంథంలోనే ఈ ప్రశ్న లేవనెత్తాడు. తరవాత ఇర్వింగ్ కప్లాన్స్కీ దీనికి ప్రచారం తెచ్చాడు. చాలా సమూహాలకు ఇది నిజమని నిరూపించారు కూడా. కాని అన్నిటికీ నిరూపించలేకపోయారు.

2021 లో జైల్స్ గార్డమ్ అనే గణితవేత్త జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆ ఊహ తప్పని చూపించాడు. మూడు దిక్కుల ఆకాశంలో మెలిపెట్టి జరిపే కదలికల సమూహం ఒకటి తీసుకున్నాడు. అందులో ఏ కదలికా మొదటికి తిరిగి రాదు. గుణకాలుగా 0, 1 మాత్రమే వాడాడు, 1 + 1 = 0 అనే లెక్కతో. కంప్యూటర్ సాయంతో వెతికితే 21 పదాలున్న యూనిట్ దొరికింది. దాన్ని విప్పే రూల్లోనూ 21 పదాలే.

గుణిస్తే 21 × 21 = 441 పదాలు వస్తాయి. వాటిలో 440 పదాలు 220 జతలుగా కొట్టేసుకుని ఒక్కటి మిగులుతుంది. మన వరండా లెక్కలో తొమ్మిది పదాలు, నాలుగు జతలు, మిగిలింది ఒక్కటి. తూకం వేరు, తీరు ఒకటే.

ఎనభై ఏళ్ళ పాటు పెద్ద పెద్దవాళ్ళు నిరూపించాలని చూసిన ఊహ 21 పదాలతో పడిపోయింది. ఊహించడం తప్పు కాదు పిల్లలూ. ఊహించకపోతే వెతకం. వాళ్ళు దాన్ని ఊహ అనే పిలిచారు, సిద్ధాంతం అనలేదు. అందుకే ఎవరికీ సిగ్గుచేటు కాలేదు. నేను మాత్రం నాలుగు వరకు చూసి డబ్బా గీశాను. పైగా తప్పు చూపించినవాణ్ణి కూర్చోమన్నాను.

ఆ కుర్రాడికి అందరి ముందూ "కూర్చో" అన్నాను కాబట్టి, అందరూ చదివే ఈ గోడపత్రికలోనే చెబుతున్నాను. నీ లెక్క కరెక్టురా. తప్పు నాది. ఇకమీదట బోర్డు మీద ఎవరు డబ్బా గీసినా, అది నేనైనా సరే, "ఐదుకు చూశారా సార్?" అని అడగండి. అడిగినవాణ్ణి కూర్చోమనను.

8. మీరే చేసి చూడండి

(1) త + త⁴ − 1 ని త + త⁴ − 1 తోనే గుణించి, పైన ఇచ్చిన జవాబు వస్తుందో లేదో చూడండి.

(2) ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు. అందరి దగ్గరా 5 పిక్కలు. "పక్కవాళ్ళిద్దరివీ కలిపి నీది తీసెయ్యి" అంటే ఏం చెబుతారు? ఇప్పుడు వరసగా 6, 6, 5, 4, 4, 5 ఉంటే ఏం చెబుతారు? దీన్నిబట్టి ఆరుగురికి ఈ రూలును విప్పగలమా?

(3) ఏడుగురు కూర్చుంటే ఇదే రూలు మళ్ళీ యూనిట్ అవుతుంది. కానీ విప్పే పద్ధతి వేరు. విప్పే రూల్లో ఐదు పదాలు ఉంటాయి. తనది, పక్కవాళ్ళిద్దరివి, ఎదురువాళ్ళిద్దరివి. ఏవి కలపాలో, ఏవి తీసెయ్యాలో కనిపెట్టండి. కనిపెట్టాక గుణించి నిరూపించండి. ఒక ఉదాహరణ సరిపోయిందని ఆగవద్దు.

(4) కూర్చున్నవాళ్ళ సంఖ్యను 2 గాని 3 గాని భాగించకపోతే ఈ రూలు యూనిట్ అవుతుంది, భాగిస్తే కాదు. 5, 7, 11, 13 అలాంటివి. 11 మందికి విప్పే రూలు ఎవరైనా కనిపెడితే వచ్చే సంచికలో ఈ చోటు వాళ్ళది.

జవాబులు కాగితం మీద వ్రాసి, పేరు, తరగతి వేసి, గోడపత్రిక కింద కట్టిన అట్టపెట్టెలో వెయ్యండి. చింతపిక్కలు మాత్రం వంటగదిలో అడిగి తీసుకోండి, చెప్పకుండా తీసుకోవద్దు.

మీ లెక్కల మాస్టారు